తెల్లది, పసుపుది, గులాబీది: మూడు కుండీల కాలా లిల్లీ డైరీ

దుంపలు చేతికొచ్చాక

తెల్లది ఒకటి, పసుపుది ఒకటి, గులాబీవి రెండు. అన్నిటి మీదా ఉన్న పేరు ఒకటే, కాలా లిల్లీ. వెంట వచ్చిన సూచన కూడా ఒకటే: మట్టి ఎప్పుడూ తడిగా ఉంచాలట. ఈ డైరీ మొదలుపెట్టింది ఆ ఒక్క మాట కోసమే. తెల్ల కాలాకీ రంగు కాలాకీ నీళ్ల దగ్గర అస్సలు పొత్తు కుదరదు. ఇళ్లలో కుండీల్లో చచ్చిపోయే కాలా లిల్లీల్లో చాలావరకు ఈ తేడా తెలియక పోయినవేనని నా గట్టి నమ్మకం. అందుకే వాటిని పక్కపక్కనే పెంచుతూ, మొలక నుంచి పూత దాకా, పూత నుంచి నిద్ర దాకా, మళ్లీ లేచేదాకా ఒక చుట్టు మొత్తం రాసుకోవాలనుకున్నాను.

పేరులో లిల్లీ ఉన్నా ఇది లిల్లీ కుటుంబానికి చెందింది కాదు. చేమ, కంద, ఆంథూరియం, మనీప్లాంట్ ఉన్న ఏరేసీ కుటుంబం దీనిది. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని 1753లో కాలా ప్రజాతిలో చేర్చాడు. 1826లో స్ప్రెంగెల్ అనే మరో వృక్షశాస్త్రవేత్త విడదీసి జాంటెడెస్కియా అనే కొత్త ప్రజాతిగా పెట్టాడు. నర్సరీల్లో మాత్రం పాత పేరే నిలిచిపోయింది.

పెంచేవాళ్లకి పనికొచ్చే సంగతి దీని పుట్టిల్లు. ఈ ప్రజాతి ఆఫ్రికా దక్షిణ భాగానిది. తెల్లగా పూసే ఏథియోపికా జాతి వాగుల గట్లమీద, చిత్తడి నేలల్లో పెరుగుతుంది. దక్షిణాఫ్రికా పశ్చిమ కేప్‌లో వానలు చలికాలంలో పడతాయి కాబట్టి అక్కడ ఎండాకాలమంతా నిద్రపోతుంది. ఏడాది పొడవునా నీళ్లుండే చిత్తడిలో పడితే అసలు నిద్రే పోదు, ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. రంగు కాలాలు వేరు. అవి రెహ్మానీ, ఆల్బోమాక్యులేటా, ఎలియోటియానా లాంటి జాతులను కలిపి తయారుచేసిన సంకరాలు. వీటిలో రెహ్మానీ లాంటివి తూర్పు వైపు గడ్డి నేలలవి. అక్కడ వానలు వేసవిలో పడతాయి, చలికాలం పొడిగా గడుస్తుంది. వాన పడ్డన్నాళ్లూ ఆకు, పువ్వు. పొడి మొదలైతే పైనంతా ఎండిపోయి, ప్రాణం దుంపలోకి వెళ్లిపోతుంది. అంటే ఆ దుంప కరువు కోసం దాచుకున్న నిల్వ. దాన్ని రోజూ నీళ్లలో నానబెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

చేతిలో పట్టుకుని చూస్తేనే తేడా తెలిసిపోతుంది. తెల్లదాని కింద ఉన్నది లావుపాటి కండగల వేరుకాండం, పక్కల నుంచి పిలకలు, తెల్లటి వేర్లు ఇంకా అంటుకునే ఉన్నాయి. రంగువి బల్లపరుపుగా, గోధుమరంగు బెరడుతో ఉన్నాయి. ఒక వైపు నున్నగా ఉంది, రెండో వైపు గుండ్రటి గీతలు, వాటి మధ్య చిన్న చిన్న బొడిపెలు. ఆ బొడిపెలే కళ్లు. నాటేటప్పుడు అవి పైకి ఉండాలి. పూల సంఖ్య దుంప సైజునిబట్టి, దాని మీద బలంగా ఉన్న కళ్లనిబట్టి ఉంటుంది కాబట్టి కొనేటప్పుడు రంగు బొమ్మ కంటే ముందు దుంపను చూడాలి. పువ్వుల కోసం పెంచే వ్యాపారులు ఎక్కువ మొగ్గలు రావడానికి నాటేముందు దుంపల్ని జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోన్‌లో ముంచుతారు. కుండీకి ఆ అవసరం లేదు.

మెత్తగా తగిలిన దుంప

గులాబీవాటిలో ఒకదాన్ని బొటనవేలితో నొక్కితే అంచున లోపలికి దిగింది. పైతోలు బాగానే ఉంది, రంగు కూడా మారలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం కుళ్లు వాసన సన్నగా తెలుస్తోంది. దీన్నే మెత్త కుళ్లు అంటారు, రంగు కాలాలకి అన్నిటికంటే పెద్ద శత్రువు. పెక్టోబాక్టీరియం అనే బాక్టీరియా పని ఇది. కణాల్ని ఒకదానితో ఒకటి అతికించి ఉంచే పెక్టిన్‌ను కరిగించేస్తుంది. అందుకే తోలు అలాగే ఉండి లోపలి కండ జావైపోతుంది. వెచ్చదనం, తడి కలిశాయంటే దీనికి పండగే.

స్పిరిట్‌తో తుడిచిన చాకుతో మెత్తటి భాగాన్ని, దాని చుట్టూ కొంచెం గట్టి భాగాన్ని కూడా కోసి, మిగిలిన ముక్కను గాలి తగిలేచోట విడిగా ఆరబెట్టాను. కోసినచోట పొడిబారి గట్టిగా పొర కడితే నాటొచ్చు. కట్టలేదు. కొన్నాళ్లకి కోత అంచు మళ్లీ చెమ్మగిల్లి గోధుమరంగుకి తిరిగింది. ఇక ఆశ పెట్టుకోకుండా అది చుట్టి ఉన్న కాగితంతో సహా బయట పారేశాను. కంపోస్టులో వేయకూడదు. ఈ తెగులు పట్టిన దుంపను బాగుచేసే మందు లేదు, పక్కవాటికి అంటకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది. చాకు మళ్లీ స్పిరిట్‌తో తుడిచాను.

మిగిలినవి మూడు. మూడు కుండీలు.

నాటడం

రంగు దుంపలకి మట్టి కుండీలు, తెల్లదానికి ప్లాస్టిక్ కుండీ. మట్టి కుండీ గోడలు గాలి పీల్చుకుంటాయి, తడి త్వరగా ఆరుతుంది. తెల్లదానికి అలా ఆరిపోవడమే ఇబ్బంది. వెడల్పు ఒక్కోటి 20 సెంటీమీటర్లు. ఇంతకంటే పెద్ద కుండీలో చిన్న దుంప పెడితే వేర్లు చేరని చోట మట్టి రోజుల తరబడి తడిగానే ఉండిపోతుంది. కుండీ పెద్దదైతే మొక్క పెద్దదవుతుందన్న మాట కాలా విషయంలో నేను ఒప్పుకోను.

రంగువాటి మిశ్రమం: కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) రెండు వంతులు, బాగా మాగిన వర్మీకంపోస్ట్ ఒక వంతు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్ల గుళికలు) ఒక వంతు. పెర్లైట్ లేకపోతే కడిగిన ముతక ఇసుక వాడొచ్చు. పిడికిట్లో బిగించి వదిలితే ముద్దగా నిలవకుండా విడిపోవాలి. తెల్లదానికి పెర్లైట్ మానేసి కంపోస్ట్ పెంచాను. దుంప మీద 5 నుంచి 7 సెంటీమీటర్ల మట్టి ఉండేలా పూడ్చాను. మరీ పైన నాటితే తర్వాత పూకాడల బరువుకి మొక్క ఊగి పక్కకి వాలిపోతుంది.

అసలు తేడా ఇక్కడే మొదలైంది. తెల్లదానికి కింద నుంచి కారేదాకా నీళ్లు పోసి, ప్లేటులో కూడా కొద్దిగా ఉంచాను. రంగువాటికి మిశ్రమాన్ని ముందే చెమ్మ చేసి నాటాను, పైన నీళ్లు పోయలేదు. మొలక కనిపించేదాకా పోయను కూడా. వేర్లే లేని దుంప నీళ్లు తాగలేదు కదా! ఆ నీళ్లు మట్టిలో ఊరకే నిలబడి బాక్టీరియాకే పనికొస్తాయి. మొలకెత్తడానికి కావలసింది వెచ్చదనం, 18 నుంచి 24 డిగ్రీలు ఉంటే చాలు. పొద్దుటి ఎండ పడే కిటికీ పక్కన మూడింటినీ వరసగా పెట్టాను.

మొలకలు

ఏమీ కనిపించని రోజులే ఈ పనిలో కష్టమైనవి. నీళ్లు పోయాలని చెయ్యి లాగుతుంది, తవ్వి చూడాలనిపిస్తుంది. తవ్వితే అప్పుడే పుడుతున్న లేత వేర్లు తెగుతాయి. దానికి బదులు రోజూ కుండీ ఎత్తి బరువు చూడటం అలవాటు చేసుకున్నాను. చెమ్మ ఉన్న కుండీ బరువు, ఆరిన కుండీ బరువు చేతికి ఒకసారి అలవాటైతే వేలు పెట్టి చూడాల్సిన పని కూడా ఉండదు.

గులాబీది ముందుగా లేచింది. మట్టిని చీల్చుకుని పైకొచ్చినది ఆకు కాదు, పల్చటి పొర కప్పుకున్న ఎర్రటి ముల్లు. రెండు మూడు రోజుల్లో ఆ పొర పక్కకి జారి, లోపల బిగించి చుట్టుకున్న ఆకు మొన కనిపించింది. పసుపుది ఆ తర్వాత ఒకేసారి రెండు మొలకలతో వచ్చింది. తెల్లదానికి వేర్లు ముందే ఉన్నా ఆకు వేయడానికి చాలా తాత్సారం చేసింది, నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది కూడా. వేరుకాండం నొక్కి చూస్తే గట్టిగానే ఉంది. గట్టిగా ఉన్నంతకాలం భయపడక్కర్లేదు.

ఇప్పుడు రంగువాటికీ నీళ్లు మొదలుపెట్టాను. పైన రెండు మూడు సెంటీమీటర్ల మట్టి ఆరాక, కుండీ అంచు వెంబడి పోయడం, మొలక నడినెత్తిన పోయకపోవడం. ప్లేటులో దిగిన నీళ్లు వెంటనే పారబోయడం. తెల్లదాని ప్లేటు మాత్రం ఆరనివ్వను.

ఆకులు విచ్చుకున్నాక

మూడు కుండీలూ ఒకే పేరువని ఇప్పుడు ఎవరూ అనుకోరు. తెల్లదాని ఆకు పెద్దది, బాణం మొన ఆకారం, మచ్చలేని ముదురు ఆకుపచ్చ. గులాబీదాని ఆకు సన్నగా, బల్లెంలా కోసుగా ఉంది. పసుపుదాని ఆకు మీద వెండి చుక్కలు. ఒక ఆకును వెలుగుకి ఎదురుగా పెట్టి చూశాను. ఆ చుక్కలున్న చోట్ల వెలుగు ఇవతలికి వస్తోంది. చూడ్డానికి ఎంత బావుందో చెప్పలేను. కొత్తగా పెంచేవాళ్లు ఈ చుక్కల్ని తెగులు అనుకుని మందులు కొట్టేస్తుంటారు. చుక్కలు అంచులు తేటగా, ఆకంతా పరుచుకుని ఉంటే అది జాతి లక్షణం. పసుపు, ఆకుపచ్చ చారలు కలగాపులగంగా ఉండి ఆకు ముడుచుకుపోతే అప్పుడు వైరస్‌ని అనుమానించాలి. దానికి మందు లేదు, ఆ మొక్కను తీసేయడమే.

తెల్లవారుజామున చూస్తే ప్రతి ఆకు కొసనా ఒక నీటిబొట్టు వేలాడుతోంది. మంచు కాదది, మొక్క లోపలి నుంచి వచ్చిందే. రాత్రి ఆకురంధ్రాలు మూసుకున్నాక కూడా వేర్లు నీళ్లు పీలుస్తూనే ఉంటాయి. ఆ ఒత్తిడికి మిగులు నీరు ఆకు కొస నుంచి బయటికి వస్తుంది. కాలా ఆకు చివర తోకలా సాగి ఉంటుంది కాబట్టి బొట్టు అక్కడే చేరి నేలమీద పడుతుంది. రంగు కాలాలకి నేను దీన్నే కొలతగా పెట్టుకున్నాను: పొద్దున బొట్టు కనిపిస్తే ఆ రోజు నీళ్లు లేవు.

ఎండ గురించి ఒక మాట. వెలుగు చాలకపోతే ఆకుకాడలు పొడుగ్గా సాగి కుండీ అంచు మీద పడిపోతాయి. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే ఆకు అంచులు మాడతాయి. పొద్దుటి ఎండ, ఆ తర్వాత ఆరుబయట ఉన్నంత వెలుగు, ఇది మూడింటికీ సరిపోయింది.

గాలి పొడిగా ఉన్నప్పుడు పసుపుదాని ఆకు అడుగున ఎర్రనల్లి చేరింది. సన్నటి దుమ్ములా ఉంది, తెల్లకాగితం మీద దులిపితే చుక్కలు నడిచాయి. తడిగుడ్డతో ఆకులు రెండు వైపులా తుడిచి, వారం తిరక్కుండా మళ్లీ తుడిచాను. గుడ్లు పొదిగే వ్యవధి ఉంటుంది కాబట్టి ఒక్కసారి తుడిచి ఊరుకుంటే లాభం లేదు. పేనుబంక వచ్చినా ఇదే వైద్యం. వేపనూనె అవసరం పడలేదు.

తుడిచేటప్పుడు చేతులకి తొడుగులు వేసుకున్నాను. కంద కోస్తే చేతులు ఎందుకు దురద పెడతాయో కాలా రసం తగిలినా అందుకే పెడుతుంది. కణాల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. నమిలితే నోరు, నాలుక, గొంతు మండిపోయి వాస్తాయి. ఇంట్లో పాకే పిల్లలు, పిల్లి, కుక్క ఉంటే కుండీ అందనంత ఎత్తులో ఉండాలి. మొక్కలో ఏ భాగమూ దీనికి మినహాయింపు కాదు, దుంపతో సహా.

ఎరువు

దీనిమీద రాయడానికి పెద్దగా లేదు. ఆకులు బాగా వచ్చాక, పొటాష్ ఎక్కువ, నత్రజని తక్కువ ఉన్న ద్రవ ఎరువు డబ్బా మీద చెప్పిన మోతాదులో సగం కలిపి, రెండు వారాలకోసారి. నత్రజని ఎక్కువైతే ఆకులే ఆకులు, పువ్వు ఉండదు. పైగా ఏపుగా పెరిగిన మెత్తటి కండ కుళ్లుకి త్వరగా లొంగుతుంది.

మొగ్గ

రంగు కాలాలకి నాటిన 8 నుంచి 12 వారాల మధ్య పువ్వు రావడం మామూలు. గులాబీది ఆ లెక్క తప్పలేదు. మొదట అది ఇంకో ఆకేమో అనుకున్నాను. ఆకు మొన చదునుగా ఉంటుంది, ఇది మాత్రం గుండ్రంగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. కాడ పొడుగవుతున్నకొద్దీ పచ్చటి మొగ్గ మీద గులాబీ రంగు పైనుంచి కిందికి దిగింది. తర్వాత ఒక అంచు వదులై, చుట్టిన పొట్లం విప్పినట్టు మెల్లిగా తెరుచుకుంది. పొద్దున సన్నటి సందు, సాయంత్రానికి లోపలి పసుపు కాడ కొస, మర్నాటికి పూర్తి గిన్నె.

మనం పువ్వు అనే ఆ గిన్నె నిజానికి రూపు మారిన ఆకు. దాన్ని స్పేత్ అంటారు. అసలు పూలు లోపల నిలబడ్డ ఆ పసుపు కాడ, అంటే స్పాడిక్స్ మీద, భూతద్దంతో చూడాల్సినంత చిన్నవి. పైభాగమంతా మగపూలు, అడుగున ఆడపూలు. భూతద్దం పెట్టి చూస్తే పైభాగం నుంచి పుప్పొడి సన్నటి దారాల్లా బయటికి వచ్చి గిన్నె అడుగున రాలుతోంది. స్పేత్ లోపలి గోడ ముఖమల్‌లా మెరుస్తుంది, వెనక వైపు ఈనెలు సమాంతరంగా కాడలోకి దిగిపోతాయి. ఎంతసేపు చూసినా తనివి తీరని పువ్వు ఇది.

పసుపుది ఆ వెనకే పూసింది. తెల్లది వేడి తగ్గాక గానీ మొగ్గ తొడగలేదు. ఏథియోపికాకి చల్లదనం ఇష్టం, ఎండలు ముదిరితే పూత మానేసి ఆకులతో కాలం గడుపుతుంది. అప్పుడు దాన్ని పూయించాలని ఎరువు పెంచడం దండగ, నీడకి జరిపి నీళ్లు ఆగకుండా చూస్తే చాలు.

పూకాడలు కోయడం

గులాబీవి రెండు కాడలు లోపలికి తెచ్చాను. కాలాని చాకుతో కోసే బదులు కాడ మొదట్లో పట్టుకుని, కొంచెం మెలితిప్పుతూ గుంజడం మంచి పద్ధతి. తెగిన మోడు మిగలదు, చాకు ద్వారా తెగులు ఒక మొక్క నుంచి ఇంకోదానికి పాకదు. రెండో చేత్తో దుంప పైన మట్టి అదిమి పట్టుకోవాలి, లేకపోతే కుండీలో దుంప కదిలిపోతుంది. జాడీలో నీళ్లు రెండు మూడు వేళ్ల లోతు చాలు. ఎక్కువ నీళ్లలో మునిగితే కాడ అడుగు మెత్తబడి, చీలి పైకి చుట్టుకుంటుంది. రోజు విడిచి రోజు నీళ్లు మార్చి, కింద కొంచెం కత్తిరిస్తుంటే వారానికి పైగా నిలుస్తాయి.

పువ్వు పచ్చబడటం

మొక్క మీద వదిలేసిన పూలు వాడిపోలేదు, పచ్చబడ్డాయి. పసుపుదాని గిన్నె వెనక నుంచి ఆకుపచ్చ ఎక్కుతూ వచ్చి, కొన్నాళ్లకి మొత్తం ఆకు రంగుకి తిరిగింది. స్పేత్ ఆకే కాబట్టి పూత పని అయిపోయాక మళ్లీ పత్రహరితం నింపుకుంటుంది. తెగులేమీ కాదు. అందం కోసం చాలామంది అప్పుడే తుంచేస్తారు. విత్తనం కట్టడానికి శక్తి పోకూడదని స్పాడిక్స్ వరకు నేనూ తీసేశాను, ఆకుల జోలికి మాత్రం వెళ్లలేదు. పూత అయ్యాక ఆకులు చేసే పనంతా దుంపను నింపడమే. వచ్చే ఏటి పువ్వు ఇప్పుడు ఈ ఆకుల్లోంచే దుంపలోకి దిగాలి. అందుకే నీళ్లూ, పలచటి ఎరువూ ఆపలేదు.

ఆకులు పండినప్పుడు

ముందు పసుపుది, వెంటనే గులాబీది. కింది ఆకులు అంచుల నుంచి పండి, కాడలు మెత్తగా వాలిపోయాయి. ఎక్కువమంది ఇక్కడే పొరపడతారు. మొక్క చచ్చిపోతోందని ఇంకా నీళ్లు పోస్తారు, నిద్రలోకి వెళ్తున్న దుంప కుళ్లిపోతుంది. లేదా చచ్చిపోయిందని కుండీ ఖాళీ చేసేస్తారు. అలా పారేసిన కుండీల్లో గట్టి దుంపలు ఎన్ని ఉండి ఉంటాయో అనుకుంటే మనసు చివుక్కుమంటుంది.

తేడా పట్టుకోవడం తేలికే. నిద్ర అయితే పాత ఆకులు ముందు, కొత్తవి తర్వాత, వరసగా పండుతాయి, వాసన ఉండదు. కుళ్లు అయితే ఆకులు పచ్చగా ఉండగానే కాడ మొదట్లో జారిపోయి, పట్టుకుంటే ఊడి వస్తుంది, కంపు కొడుతుంది.

నీళ్లు క్రమంగా తగ్గించి, సగం ఆకులు పండాక పూర్తిగా ఆపేశాను. ఆకులు ఎండి వాటంతటవే విడిచాక తీసేశాను. పచ్చగా ఉండగా లాగితే దుంప మీద గాయమవుతుంది. గులాబీ దుంపను బయటికి తీసి, మట్టి దులిపి, కడక్కుండా, నీడన ఆరబెట్టి, పొడి కోకోపీట్‌లో పెట్టాను. పసుపుదాన్ని పొడి కుండీలోనే వదిలేశాను. రెండు పద్ధతులూ చెల్లుతాయి. బయటికి తీస్తే దుంప పరిస్థితి కళ్లతో చూడొచ్చు, కుండీలో వదిలితే దెబ్బ తగిలే భయం ఉండదు. నిల్వకి 10 నుంచి 15 డిగ్రీల చల్లదనం ఉంటే మేలు. అంత చల్లటి చోటు లేకపోతే ఇంట్లో ఉన్నంతలో చల్లగా, పొడిగా, గాలాడే మూల. రెండు మూడు నెలల విశ్రాంతి చాలు.

ఇదే సమయంలో తెల్లది ప్లేటులో నీళ్లతో కొత్త ఆకులు వేస్తోంది. పక్కనున్న రెండూ ఎండి, ఇదొక్కటే పచ్చగా ఉండటం చూస్తే మొదట్లో ఆ సూచన ఎందుకు అంత ఇబ్బందిగా అనిపించిందో ఎవరికైనా అర్థమవుతుంది.

మళ్లీ కుండీల్లోకి

గులాబీ దుంప కళ్లు ఎర్రగా ఉబ్బాయి. నాటినప్పటి కంటే కొంచెం వెడల్పైంది, పక్కన ఒక పిల్ల దుంప అంటుకుని ఉంది. దాన్ని విడదీసి ఇంకో కుండీ చేయొచ్చు, మనసు పీకుతోంది కూడా. చేయడం లేదు. ప్రతి కోతా మెత్త కుళ్లుకి ఒక తలుపు తీసినట్టే. పిల్ల దుంప తనంతట తాను విడిపోయే సైజుకి వస్తే అప్పుడు చూస్తాను. పసుపుదాని కుండీలో పైమట్టి వేలితో జరిపి చూశాను, దుంప గట్టిగా ఉంది, ఒక మొన తెల్లగా కదిలింది. పాత మిశ్రమం తీసేసి కొత్తది నింపాలి, ఆ కుండీని వేడినీళ్లతో కడిగి ఎండలో పెట్టాను.

తెల్లదాని వేర్లు ప్లాస్టిక్ కుండీ అడుగు రంధ్రాల్లోంచి బయటికి వచ్చేశాయి, పక్కన పిలకలు కూడా లేచాయి. దాన్ని ఈ వారమే వెడల్పు కుండీలోకి మార్చి, పిలకల్లో వేర్లున్నవి రెండు విడిగా నాటుతున్నాను. రంగువాటి కొత్త మిశ్రమం చెమ్మ చేసి పక్కన పెట్టాను. ముల్లు కనిపించేదాకా నీళ్లు లేవు.